మడతకత్తికి క్యారెట్టు పరీక్ష

సోఫాల మేస్త్రి వేలి మీద మడతకత్తి మూసుకుపోవడం అది నాలుగోసారి.

మొదటిసారి తప్పు స్టూలుది, దానికి ఒక కాలు పొట్టి. రెండోసారి తప్పు బల్బుది, సరిగ్గా వెలగలేదు. మూడోసారి తప్పు భార్యది, అదే క్షణంలో "ఏవండీ, టీ" అని పిలిచింది. నాలుగోసారి నెపం వెయ్యడానికి చుట్టుపక్కల మనిషిగానీ వస్తువుగానీ దొరకలేదు. "నాదే పరధ్యానం" అని పెద్దమనసుతో ఒప్పేసుకున్నాడు. కత్తి తప్పు మాత్రం ఒక్కసారీ లేదు.

"ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళని చూశాను," అంది అతని తల్లి. "మద్దెలకి చిల్లుపడినా, అబ్బే, మద్దెల బంగారం, నాకే ఆట రాదు అనేవాణ్ణి నిన్నే చూస్తున్నానురా."

కుట్లు విప్పిన నర్సు మాత్రం నవ్వలేదు. మేస్త్రి ఎడమచేతి చూపుడువేలిని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాలుగుసార్లూ ఒక్కచోటే తెగింది మేస్త్రిగారూ. ఇంకొక్కసారి తెగిందంటే నరం పోతుంది. ఆ తర్వాత ఈ వేలు మడవడమనేది మర్చిపోండి. సూది పట్టుకోలేరు."

ఆ రోజు గురువారం. సోమవారం నుంచి కాలేజీ ఆడిటోరియంలో రెండొందల నలభై కుర్చీలకి కొత్త గుడ్డ వెయ్యాలి. అంత పెద్ద పని మేస్త్రి చేతికి రావడం ఇదే మొదలు. నర్సు మాట అతని భార్య విన్నది. మేస్త్రి కూడా ఆ గదిలోనే కూర్చున్నాడు గానీ, వినడం వేరు.

ఆవిడకి వీధిలో తనిఖీ అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు, వెనక అందరూ అంటారు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. చివర విరిచి చూడనిదే బెండకాయ కొనదు. గొడుగు కొనాలంటే కొట్లోనే పదిసార్లు విప్పి ముడుస్తుంది. ఒకసారి బకెట్టు కొనడానికి వెళ్ళి, దాన్నిండా నీళ్ళు పోయించి, అడుగున కారుతుందేమోనని పావుగంట నిలబడింది. బకెట్టు కారలేదు. కొట్టువాడికే కళ్ళ నీళ్ళు కారాయి.

అలాంటి మనిషి ఇంట్లో అలాంటి కత్తి ఇన్నేళ్ళు ఎలా బతికిందంటే, అది ఆవిడ కొన్నది కాదు. మేస్త్రికి పని నేర్పిన గురువు ఇచ్చింది. పెళ్ళికి ముందే వచ్చిన వస్తువు గనక కోడలి కన్నా దానిదే పెద్దరికం. తెరిచినప్పుడు బ్లేడు వెనక్కి మడవకుండా పట్టుకునే లాకు అరిగి అరిగి, ముసలమ్మ నోట్లో ఆఖరి పన్నులా ఊగుతోంది.

"కొత్తది కొందామండీ," అంది ఆవిడ.

"దీనికేమైందే? ఇరవై ఏళ్ళుగా నా చేతికి అలవాటైన కత్తి."

"చేతికీ అలవాటైంది, ఆసుపత్రికీ అలవాటైంది."

"అసలు మడవని కత్తి కొంటే పోలా?" అంది అత్తగారు.

తల్లీ కొడుకుల మధ్య ఆ ముచ్చట ఇదివరకే అయిపోయిందని కోడలు గుర్తుచేసింది. పోయినేడాది మేస్త్రి మడవని కత్తి నడుముకు దోపుకుని ఒక సోఫా కిందకి దూరాడు. దూరినవాడు దూరినట్టే బయటికి వచ్చాడు. కత్తి మాత్రం కొత్తగా వేసిన తోలుని ఈ చివర నుంచి ఆ చివరకి చీల్చుకుంటూ వచ్చింది. నడుం వంచి, పాక్కుని, బోర్లాపడి చేసే పనికి మడతకత్తే కావాలి. మడవమన్నప్పుడే మడవాలి, వద్దన్నప్పుడు మడవకూడదు. ఆవిడకి కావలసింది అంతే.

శుక్రవారం ఆవిడ బఠానీ కాయలు ఒలిచే నెపంతో చాటతో సహా మేస్త్రి పనిగదిలో చేరింది. మోకాళ్ళ దగ్గర చాట, కళ్ళు కత్తి మీద.

గుడ్డ కోసేటప్పుడు కత్తి బుద్ధిగానే ఉంది. దారం తెంపేటప్పుడూ బుద్ధిగానే ఉంది. గుడ్డ అంచుని చెక్కకీ స్పాంజికీ మధ్య సందులోకి దోపవలసి వచ్చినప్పుడు మాత్రం మేస్త్రి కత్తిని తిరగేసి, దాని వీపుతో గట్టిగా నొక్కుతున్నాడు. వీపు మీద భారం పడగానే బ్లేడు ఒక్క గింజంత వెనక్కి జరుగుతోంది.

"దోపడానికి వేరే చెక్క పనిముట్టు ఉందిగా మీకు?"

"ఉంది. అది తియ్యాలంటే కత్తి కింద పెట్టాలి."

"పెట్టండి."

"పెడితే మళ్ళీ తియ్యాలి."

ఇరవై ఏళ్ళ అలవాటుని మాన్పించడం కన్నా కత్తిని మార్చడం తేలిక అని ఆవిడ నిశ్చయించుకుంది. కాయలన్నీ అయిపోయేదాకా కత్తినే చూసింది. బ్లేడు ఎటు జరుగుతుంది, లాకు ఎక్కడ వదులు, ఎంత బరువుకి లొంగుతుంది, అన్నీ చూసింది. అంత చూసినా చూడవలసినది ఇంకొకటి మిగిలిపోయిందని ఆవిడకి తెలియలేదు.

సాయంత్రం మేస్త్రి పేపరు చదువుకుంటుంటే పక్కన కూర్చుని, చూపుడువేలి చుట్టూ దారం చుట్టి కొలత తీసింది.

"ఏమిటే ఇది?"

"ఏం లేదు. ఉంగరం."

మేస్త్రి ముఖం చేటంత అయింది. ఆవిడ ఆ దారం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, బుట్టలోని క్యారెట్లన్నిటికీ చుట్టి చూసి, సరిగ్గా సరిపోయినవి మూడు ఏరి సంచిలో వేసుకుంది.

శనివారం పొద్దున ఇనుప సామాన్ల కొట్టుకి అత్తా కోడళ్ళిద్దరూ వెళ్ళారు. అత్తగారికి కొనవలసినదేమీ లేదు, కోడలు బేరం చేస్తుంటే చూడటం ఆవిడకి కాలక్షేపం. పెయింటు డబ్బా మీద తీరిగ్గా కూర్చుంది.

కోడల్ని చూడగానే కొట్టాయన చెయ్యి దానంతటదే గల్లాపెట్టె పక్కనున్న తలనొప్పి మందు మీదికి పోయింది.

"బకెట్టా అమ్మా?"

"మడతకత్తి. లాకు గట్టిగా ఉండాలి."

"అన్నీ గట్టివే."

"అన్నీ గట్టివైతే అన్నీ తియ్యండి."

కొట్టాయన జేబులోంచి చిన్న చెక్కపిడి కత్తి తీసి, అట్టపెట్టెల మీది పురికోస తెంపి, ఆ కత్తి మడిచి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. నాలుగు కత్తులు బల్ల మీద వరసగా పెట్టాడు.

మొదటిది నల్లగా నిగనిగలాడుతోంది, పిడి మీద పులి బొమ్మ. ఆవిడ తెరిచి, బ్లేడు కొస పట్టుకుని పక్కలకి కదిపింది. కదిలింది.

"అన్నిటికీ తల ఊపుతోందండీ. ఇలాంటివాళ్ళని నమ్మకూడదు."

రెండోది పైకీ కిందకీ ఊపి చెవి దగ్గర పెట్టుకుంది. లోపల ఏదో టిక్కుటిక్కుమంది. పక్కన పెట్టేసింది. మూడోది ఊగలేదు, చప్పుడు చెయ్యలేదు. అప్పుడు సంచిలోంచి క్యారెట్టూ దారమూ తీసింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు కొట్టాయన.

"మా ఆయన వేలు అనుకోండి."

క్యారెట్టుని పిడికి అడ్డంగా, చూపుడువేలు ఉండేచోట దారంతో బిగించి కట్టింది. తన వేళ్ళు బ్లేడు మడతపడే దారిలో లేకుండా పిడిని రెండు పక్కలా పట్టుకుని, బ్లేడు వీపుని మడత పెట్టిన గోనెసంచి మీద తట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోదానికి టప్పుమంది. క్యారెట్టు సగం ఎగిరి మేకుల డబ్బాలో పడింది.

కొట్టాయన అసంకల్పితంగా తన వేలు తను పట్టుకున్నాడు.

"మీది కాదులెండి," అంది ఆవిడ. "మా ఆయనది."

అప్పటికి కొట్లో మరో నలుగురు చేరారు. గొళ్ళెం కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన ఎందుకైనా మంచిదని జేబులోంచి తన కత్తి తీసి, "దీన్ని కూడా ఒకసారి చూడమ్మా" అన్నాడు. రెండో క్యారెట్టు అక్కడ ఖర్చయింది. పెద్దాయన ఆ కత్తిని అక్కడే చెత్తబుట్టలో పడేసి, గొళ్ళెం మాట మర్చిపోయి వెళ్ళిపోయాడు.

నాలుగో కత్తి బరువైనది, ఉక్కు పిడి. తెరవగానే లోపలి నుంచి ఒక రేకు పక్కకి వచ్చి బ్లేడు వెనక అడ్డంగా నిలబడింది. మూయాలంటే ఆ రేకుని బొటనవేలితో పక్కకి నెట్టాలి. ఆవిడ మూడో క్యారెట్టు కట్టి ఇరవైసార్లు తట్టింది. అత్తగారు పైకి లెక్కపెట్టింది. కత్తి రాయిలా నిలబడింది. క్యారెట్టు చెక్కుచెదరలేదు.

"ఇది ఇవ్వండి," అంది ఆవిడ. కొట్లో ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆదివారం పొద్దున కొత్త కత్తిని మేస్త్రి ముందు పెడితే, అతను దాన్ని కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూశాడు.

"బరువు."

"రేపు దీనితోనే పని. పాతది మీ అమ్మగారి మాత్రలు సగానికి కొయ్యడానికి."

"నా గురువుగారి కత్తితో మాత్రలా!"

"నీ వేళ్ళు కొయ్యడం కన్నా నయమే కదరా," అంది తల్లి. "ఉంగరం ఏదీ అని అడగవేం?"

మేస్త్రి ఏదో గొణుగుతూ కత్తి చేతిలోకి తీసుకోబోయాడు. భార్య అడ్డం పడింది. కొట్లో పరీక్ష కొట్లోదే, ఇంట్లో పరీక్ష ఇంట్లోదే. బతికిన క్యారెట్టుని మళ్ళీ చూపుడువేలి స్థానంలో కట్టింది. అసలు చూపుడువేలిని చాచి పెట్టమంది. మిగతా వేళ్ళకి పనిగదిలోంచి మందపాటి తోలు తొడుగు తెచ్చి తొడిగింది.

"పరువు పోతోందే. నేను మేస్త్రిని."

"ఒక్కసారి. రోజూ దోపినట్టే దోపండి."

మేస్త్రి ఇంట్లో సోఫా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కత్తిని పిడికిట బిగించి, వీపుతో గుడ్డ అంచుని సందులోకి నొక్కాడు. ఒకటి. రెండు. టప్.

క్యారెట్టు ముక్క అత్తగారి ఒళ్ళో పడింది.

మేస్త్రి ముఖం పాలిపోయింది. చాచిన చూపుడువేలిని మెల్లగా లోపలికి ముడుచుకుని, రెండో చేత్తో కప్పుకున్నాడు. కత్తి తప్పు కాదని ఈసారి అనలేదు.

"ఇరవైసార్లు తట్టాను," అంది ఆవిడ నీరసంగా. "లెక్కపెట్టారుగా అత్తయ్యా."

"లెక్కపెట్టాను. ఏ చేత్తో తట్టావమ్మాయ్?"

ఆవిడ తన కుడిచెయ్యి చూసుకుంది. తర్వాత మొగుడి వైపు చూసింది. తోలు తొడుగు ఎడమచేతికి ఉంది.

తను తొడిగిందే. చెయ్యి చాపితే చాపిన చేతికి తొడిగింది.

మేస్త్రికి అన్నం, రాత, దువ్వెన అన్నీ కుడిచేత్తోనే. చిన్నప్పుడు తల్లి ఎడమచేతికి గుడ్డ కట్టి మరీ నేర్పిన పనులవి. పనిముట్టు మాత్రం గురువు ఎడమచేతికి ఇచ్చాడు, అక్కడే ఉండిపోయింది. ఇంట్లో కుడిచేతి మనిషి, పనిగదిలో ఎడమచేతి మనిషి. ఆవిడ ఇంట్లో మనిషికి కత్తి కొన్నది.

"నాలుగుసార్లు వాడి ఎడమచేతికి కట్టు కట్టించుకొచ్చావు," అంది అత్తగారు. "ఒక పూటంతా ఎదురుగా కూర్చుని బఠానీలు ఒలిచావు. బఠానీలో పురుగు కనపడుతుంది గానీ మొగుడి చెయ్యి కనపడలేదా తల్లీ?"

వీధిలో వాళ్ళు తనిఖీ అన్నప్పుడు ఎప్పుడూ బాధపడని మనిషికి అత్తగారి మాట ముల్లులా గుచ్చుకుంది. ఆవిడ కత్తిని తీసుకుని ఎడమచేత్తో పట్టుకుని చూసింది. కుడిచేతిలో ఉన్నప్పుడు రేకు జోలికి ఏ వేలూ పోదు. ఎడమచేతిలో పిడి బిగించేకొద్దీ వేళ్ళ కండ ఆ రేకు అంచుకే తగిలి, దాన్ని పక్కకి జరుపుతోంది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత తొందరగా లాకు ఊడుతుంది. కత్తి గట్టిదే. పట్టుకునే చేతికే అది సరిపడలేదు.

"కొట్టు ఎన్నింటిదాకా?" అంది.

"ఆదివారం పన్నెండుకి మూసేస్తాడు," అన్నాడు మేస్త్రి. గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. "పోనీలేవే, జాగ్రత్తగా చేసుకుంటాను. పాతదే..."

"లేవండి. ఈసారి క్యారెట్టు ఒక్కటే చాలదు. చెయ్యి కూడా రావాలి."

ముగ్గురూ కలిసి కొట్లోకి అడుగుపెట్టేసరికి కొట్టాయన షట్టరు సగం దించేశాడు.

"అమ్మా, మళ్ళీ కూరగాయలా!"

"కత్తి మంచిదే, చెయ్యి ఎడమది. నిన్న నేను చెప్పలేదు, తప్పు నాది," అంది ఆవిడ. ఆవిడ నోట ఆ మాట విని మేస్త్రి, తల్లి ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. "ఎడమచేతికి పనికొచ్చేవి చూపించండి."

"ఎడమచేతికి వేరే ఏమీ ఉండవమ్మా. అన్నీ అందరికీ."

నిట్టూరుస్తూ అలమర తెరిచి ఇంకో మూడు పెట్టెలు దించాడు. జేబులోంచి చెక్కపిడి కత్తి తీశాడు, తెరిచాడు, మెడ దగ్గర ఏదో తిప్పాడు, పురికోస తెంపాడు, మళ్ళీ తిప్పాడు, మడిచాడు. రెండో పెట్టె దగ్గరికి వచ్చేసరికి అతని కుడిచేతిలో వేరే పెట్టె ఉంది. అందుకని కత్తిని ఎడమచేతిలోకి మార్చుకుని, అలాగే తెరిచి, అలాగే తిప్పి, తెంపాడు.

నిన్న కూడా ఆ కత్తి ఆవిడ కళ్ళ ముందే నాలుగు పురికోసలు తెంపింది. నిన్న ఆవిడ బల్ల మీదున్న కత్తుల్ని చూసింది. ఇవాళ చేతుల్ని చూస్తోంది.

"ఆగండి. మీ చేతిలో ఉన్నదేమిటి?"

"ఇదా? ఇది అమ్మేది కాదమ్మా. నేను వాడుకునేది."

"చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది," అంది అత్తగారు పెయింటు డబ్బా మీద నుంచి. "ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నావు నాయనా?"

"తొమ్మిదేళ్ళు. ఇవీ ఒక డజను తెప్పించానండీ, ఎవరూ కొనలేదు. మెరవదు, చప్పుడు చెయ్యదు, పులి బొమ్మ లేదు. ఎవరు కొంటారు?"

అట్టడుగు సొరుగులోంచి దుమ్ము పట్టిన పెట్టె తీశాడు. లోపల సాదా చెక్కపిడి, సాదా బ్లేడు, పిడి మెడకి ఒక ఉక్కు ఉంగరం. బ్లేడు తెరిచాక ఉంగరం తిప్పితే దానికున్న చీలిక పక్కకి జరిగి, బ్లేడు వెనక అడ్డుగోడ నిలబడుతుంది. ఉంగరం గుండ్రంగా ఉంది గనక దానికి కుడీ ఎడమా లేదు. పిడిని ఎంత బిగించినా ఉంగరం తిరగదు, వేళ్ళు తిప్పితేనే తిరుగుతుంది.

దారిలో బండి మీద కొలిచి కొన్న కొత్త క్యారెట్టు కట్టారు, తొడుగు తొడిగారు. మేస్త్రి గోనెసంచి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచేత్తో, వీపుతో నొక్కాడు. తల్లి లెక్కపెట్టింది. ఇరవై దగ్గర ఆపమన్నాడు కొట్టాయన. నలభై దగ్గర ఆపింది ఆవిడ.

క్యారెట్టు అలాగే ఉంది.

మేస్త్రి కత్తిని చేతిలో తిప్పి తిప్పి చూసుకున్నాడు. "తేలికగానే ఉందే," అన్నాడు. ఆ మెడ దగ్గర ఉంగరాన్ని గోటితో తట్టి, "నాకు చేయిస్తానన్న ఉంగరం దీనికి తొడిగించావన్నమాట!" అన్నాడు.

"వేలు ఉంటే ఉంగరాలు ఎన్నయినా పెట్టుకోవచ్చు."

"ఒక్క సంగతి మేస్త్రిగారూ," అన్నాడు కొట్టాయన, నిన్నటి కత్తిని వెనక్కి తీసుకుంటూ. "ఈ లాకు దానంతటది పడదు. తెరిచిన ప్రతిసారీ మీరే తిప్పాలి. మర్చిపోతే ఇదీ అన్నిటిలాంటిదే."

ఆవిడ ముఖంలో వెలుగు ఠక్కున ఆరిపోయింది. మేస్త్రి మరుపు సంగతి ఆవిడకి తెలుసు. గొడుగులు, తాళాలు, ఒకసారి తల్లిని కూడా బస్టాండులో మర్చిపోయాడు.

"ఇరవై ఏళ్ళ అలవాటు," అంది మెల్లగా.

"మధ్యాహ్నం ఏం పనుంది వాడికి?" అంది అత్తగారు. "తెరువు, తిప్పు. తెరువు, తిప్పు. ఎడమచేత్తో రాయకుండా మాన్పించినదాన్ని, ఇదో లెక్కా?"

ఆ మధ్యాహ్నమంతా సోఫాల మేస్త్రి, తల్లి ఎదురుగా కూర్చుని కత్తి తెరుస్తూ, ఉంగరం తిప్పుతూ గడిపాడు. తిప్పడం మర్చిపోయిన ప్రతిసారీ తల్లి చేతికర్రతో నేల మీద ఒక్కటి కొట్టింది. మొదటి గంటలో కర్ర చప్పుడు పదకొండుసార్లు వినపడింది. టీ వేళకి రెండుసార్లు. తర్వాత వినపడలేదు. ఎందుకని కోడలు తొంగి చూస్తే అత్తగారు కునుకుతోంది, మేస్త్రి మాత్రం ఇంకా తెరుస్తూ తిప్పుతూనే ఉన్నాడు.

సోమవారం మధ్యాహ్నం ఆవిడ క్యారియరు పట్టుకుని ఆడిటోరియంకి వెళ్ళింది. ఖాళీ హాల్లో నాలుగో వరస కింద నుంచి మేస్త్రి పాదాలు మాత్రం కనపడుతున్నాయి. పలకరించలేదు. పిలిస్తే తప్పు తన మీదికి వస్తుంది. చప్పుడు కాకుండా ఐదో వరసలో కూర్చుంది. చేతిలో సంచి, సంచి అడుగున నిన్నటి క్యారెట్టు. ఎందుకు తెచ్చిందో ఆవిడకే తెలియదు.

చెవులు రిక్కించి విన్నది. కత్తి తెరుచుకున్న చప్పుడు, వెంటనే ఉంగరం కిర్రుమన్న చప్పుడు. గుడ్డ చిరిగింది. మూత పడింది. మళ్ళీ తెరుచుకుంది, కిర్రుమంది. ఒక కుర్చీ, రెండు కుర్చీలు, ఐదు కుర్చీలు. ప్రతిసారీ రెండు చప్పుళ్ళు.

ఆరో కుర్చీ దగ్గర కత్తి తెరుచుకుంది.

ఉంగరం చప్పుడు రాలేదు.

ఆవిడ ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది.

"తిప్పుతున్నానే!" అని వినపడింది కుర్చీ కింద నుంచి. "ముక్కు దురద పెట్టింది, గోక్కోనియ్యవా?"

కిర్రుమంది.

"నేనొచ్చానని ఎలా తెలిసింది?" అంది ఆవిడ.

"కుర్చీలో కూర్చునే ముందు మూడుసార్లు ఊపి చూసేది నువ్వు తప్ప ఎవరే?"

ఆవిడ నవ్వు ఆపుకుంటూ సంచిలో చెయ్యి పెట్టింది. నలభై దెబ్బలు తిని చెక్కుచెదరని క్యారెట్టు చేతికి తగిలింది. ఇక దానికి పనేమీ లేదు. పైటచెంగుతో తుడిచి, అలవాటు కొద్దీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, కరకరా కొరికింది.